అమ్మను క్లినికల్ ట్రయల్‌లో చేర్చమంటున్నారు, చేర్చొచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. అమ్మగారికి 54 ఏళ్లు. ఊళ్లో ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎం చేత్తో పరీక్ష చేసినప్పుడు ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), ముక్క పరీక్ష అయ్యాక క్యాన్సర్ అని తేలింది. సైజు రెండున్నర సెంటీమీటర్లు, ఈఆర్ పాజిటివ్ (ఈస్ట్రోజన్ హార్మోన్ అండతో పెరిగే రకం), హెర్2 నెగెటివ్ (హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా లేని రకం). డాక్టర్లేమో గడ్డ వరకే తీస్తాం, కీమో అక్కర్లేకపోవచ్చు అంటున్నారు. మీ మేనత్తగారేమో మొత్తం తీయించేయమని పట్టుబడుతున్నారు. ఈలోగా ఆసుపత్రివాళ్లు క్లినికల్ ట్రయల్‌లో, అంటే రోగులను గుంపులు చేసి ఏ వైద్యం మేలో పోల్చి చూసే పరిశోధనలో, చేరతారా అని అడిగారు. "పరిశోధనంటూ మా అమ్మ మీద ప్రయోగాలు చేస్తారా? అసలు ఈ పరిశోధనల వల్ల మాలాంటివాళ్లకు ఒరిగిందేంటి?" అని రాశారు.

నేను రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్లు మొదలుపెట్టి ఇరవై తొమ్మిదేళ్లయింది. సగం సర్వీసు ప్రభుత్వాసుపత్రిలో, మిగతా సగం ప్రైవేటులో. మీ ప్రశ్నలో ఉన్న కోపం నాకు కొత్త కాదు. కాకపోతే మీ అమ్మగారికి ఇప్పుడు చెబుతున్న వైద్యం ఎవరికో తోచి చెబుతున్నది కాదు. ఎక్కడో ఒకచోట కొందరు ఆడవాళ్లు "నన్ను ఏ గుంపులో వేస్తే ఆ గుంపులో ఉంటాను" అని ఒప్పుకున్నారు కాబట్టి తేలిన విషయాలివి. ఒక్కొక్కటీ చెబుతాను, ఓపిగ్గా చదవండి.

ముందు మీ మేనత్తగారి మాట. ఆవిడను తప్పుపట్టకండి. దాదాపు ఎనభై ఏళ్లు సర్జన్లు కూడా అదే నమ్మారు. అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ రొమ్మును, దాని కింది ఛాతీ కండరాలను, చంకలోని బిళ్లలను (లింఫ్ గ్రంథులను) కలిపి ఒకే ముద్దగా తీసేసేవాడు. ఆ ఫలితాలను 1894లో ప్రచురించాడు. క్యాన్సర్ ఒకచోట పుట్టి పక్కపక్కకు పాకుతుంది, కాబట్టి ఎంత వెడల్పుగా కోస్తే అంత మంచిదని ఆయన లెక్క. వింటే సబబుగానే ఉంటుంది. అందుకే అన్నేళ్లు ఎవరూ దాన్ని పరీక్షకు పెట్టలేదు.

నేను పీజీ చేసే రోజుల్లో, అలాంటి ఆపరేషన్ ఎప్పుడో చేయించుకున్న పెద్దావిడ ఒకరు చెకప్‌కి వచ్చేవారు. రవికలో ఎడమవైపు పాత చీర ముక్కలు మడిచి కుట్టుకునేవారు. ఆ పక్క చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా అరటి బోదెలా వాచి ఉండేది. గాజులు పట్టక ఆ చేతికి పసుపు దారం కట్టుకునేవారు. "ఇరవై ఏళ్లు నిక్షేపంగా ఉన్నారు కదమ్మా" అని మా ప్రొఫెసర్ అంటే, "బతికాను నాయనా, కానీ అప్పట్నుంచీ నా జడ నేను వేసుకోలేదు" అన్నారు. ఆ మాట నాతో ఇప్పటికీ ఉంది.

పిట్స్‌బర్గ్‌లో బెర్నార్డ్ ఫిషర్ అనే సర్జన్ ఆ సబబును ప్రశ్నించాడు. క్యాన్సర్ కణాలు ముందే రక్తంలో కలిసి తిరుగుతుంటే, ఛాతీ దగ్గర ఇంకాస్త కండ కోసినంత మాత్రాన ఒరిగేదేముంది అన్నాడు. వాదించి ఊరుకోకుండా పరీక్షకు పెట్టాడు. 1976లో మొదలైన ఆ ట్రయల్‌లో మహిళలను చీటీలు వేసినట్టు మూడు గుంపులుగా విడదీశారు. ఒకరికి రొమ్ము మొత్తం తీశారు, ఒకరికి గడ్డ వరకే తీశారు, మరొకరికి గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చారు. సాటి సర్జన్లు చాలామంది ఆయన మీద మండిపడ్డారు. ఇరవై ఏళ్ల పాటు గమనించాక, 2002లో, 1,851 మంది లెక్క తీస్తే బతికున్నవాళ్లు మొదటి గుంపులో 47 శాతం, మిగతా రెండు గుంపుల్లో 46 శాతం చొప్పున తేలారు. అంటే ఆయుష్షులో తేడా లేదు. ఇటలీలో మిలాన్‌లో ఉంబెర్తో వెరోనేసి 701 మందితో చేసిన ట్రయల్ ఇరవై ఏళ్ల ఫలితమూ అదే ఏడాది వచ్చింది. అదీ ఇదే మాట చెప్పింది. (47, 46 చూసి బెంగపడకండి. ఆ మహిళలు చేరిన కాలంలో ఇప్పటి మందులు చాలావరకు లేవు. అవి మీ అమ్మగారి అంకెలు కావు.)

ఫిషర్ ట్రయల్‌లోనే ఇంకో అంకె ఉంది, దాన్ని మాత్రం గట్టిగా పట్టుకోండి. గడ్డ తీసి రేడియేషన్ ఇవ్వనివాళ్లలో అదే రొమ్ములో మళ్లీ వచ్చింది 39 శాతం మందికి. ఇచ్చినవాళ్లలో 14 శాతమే. కాబట్టి మీ మేనత్తగారి భయం కొంతవరకు నిజమే, దానికి జవాబు రేడియేషన్. గడ్డ వరకు తీయించుకుని, "కరెంటు పెట్టించుకుంటే ఒళ్లు కాలిపోతుందట" అని ఎవరో చెప్పిన మాట విని ఇంటికెళ్లిపోయినవాళ్లను నేను చూశాను. రెండేళ్లకు అదే మచ్చ పక్కన గడ్డతో తిరిగొచ్చారు. రొమ్ము ఉంచుకుంటే రేడియేషన్ తప్పదు. ఆ రెండూ ఒకే వైద్యంలో రెండు సగాలు.

ఆ రేడియేషన్ కూడా ఒకప్పుడు అయిదు వారాలు, 25 సిట్టింగులు. మీ పల్నాడు నుంచి వచ్చేవాళ్లకు అయిదు వారాలంటే ఏంటో మీకు నేను చెప్పాలా? ఊరుగాని ఊళ్లో గది అద్దె, హోటల్ తిండి, తోడు వచ్చిన మనిషి కూలి పోవడం. బ్రిటన్‌లో 4,451 మందితో చేసిన స్టార్ట్ ట్రయల్స్ ఫలితాలు 2008లో వచ్చాయి. ఒక్కో సిట్టింగులో మోతాదు కాస్త పెంచి, మూడు వారాల్లో 15తో ముగించినా ఫలితం తగ్గదని తేలింది. 2020లో అక్కడే 4,096 మందితో చేసిన మరో ట్రయల్ దాన్ని ఒక్క వారానికి, అయిదు సిట్టింగులకు దించింది. కొత్త మందేమీ లేదు, అదే మిషను. "ఇన్ని రోజులు నిజంగా కావాలా" అని అడిగారు, అంతే. నాకు పరిశోధనలో అన్నిటికంటే గౌరవం ఉన్నది ఇలాంటి ప్రశ్న మీదే.

చంక సంగతీ అంతే. నేను నేర్చుకున్నప్పుడు చంకలో బిళ్లలన్నీ, పదో ఇరవయ్యో, తీసెయ్యడమే పద్ధతి. అలా తీస్తే దాదాపు అయిదుగురిలో ఒకరికి చెయ్యి వాస్తుంది. 1990లలో వచ్చిన ఆలోచన ఏంటంటే, రొమ్ము నుంచి వచ్చే నీరు ముందుగా చేరే బిళ్ల ఏదో కనిపెట్టి దాన్నే పరీక్షిద్దాం, అది శుభ్రంగా ఉంటే మిగతావి ముట్టుకోనక్కర్లేదు అని. మా థియేటర్లో రోగికి మత్తిచ్చాక చనుమొన చుట్టూ నీలం మందు ఎక్కించి, అయిదు నిమిషాలు మెల్లగా మర్దన చేస్తాం. తర్వాత చంకలో రెండంగుళాల కోత. పసుపుపచ్చని కొవ్వులో దారప్పోగంత సన్నని నీలి గీత కనబడుతుంది. దాన్ని తెగకుండా పట్టుకుని పోతే, చివర చిక్కుడు గింజంత బిళ్ల, సిరాలో ముంచినట్టు ఉంటుంది. మొదటిసారి చూసిన రోజు చేతిలో కత్తి పట్టుకుని అలా నిలబడిపోయాను. అలాంటివి ఒకటో, రెండో, మూడో తీసి పంపిస్తాం. చెయ్యి వాపు నూటికి అయిదారుగురికి తగ్గింది. మీ అమ్మగారి రిపోర్టులో "సెంటినల్ నోడ్ బయాప్సీ" అని రాశారే, అదే ఇది. 2011లో మరో ట్రయల్ ఇంకో అడుగు వేసింది. గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చేవాళ్లలో, ఆ మొదటి బిళ్లల్లో ఒకటీ రెండిట్లో క్యాన్సర్ కనబడినా, మిగతా చంకంతా ఖాళీ చేయనక్కర్లేదని.

ఇక కీమో. దీని కథలో మనవాడు ఒకాయన ఉన్నాడు, చెప్పకుండా దాటలేను. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లె ప్రయోగశాలలో నడిపించిన పరిశోధనల నుంచే ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే మందులు వచ్చాయి. వాటిలో మెథోట్రెక్సేట్ ఒకటి. ఆయన 1948లో పోయారు. 1976లో మిలాన్‌లో జియాన్నీ బొనడోన్నా 386 మంది మీద చేసిన ట్రయల్‌లో, ఆపరేషన్ తర్వాత మూడు మందుల కీమో ఇస్తే క్యాన్సర్ తిరగబెట్టడం బాగా తగ్గుతుందని చూపించాడు. ఆ మూడింట్లో మధ్యది మెథోట్రెక్సేట్. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో వార్డులో రోజూ ఎక్కించింది ఆ మూడు మందులే.

కీమో ప్రాణాలు నిలబెట్టింది నిజం. కానీ అవసరం లేనివాళ్లకూ ఇచ్చాం, అదీ నిజమే. ఎవరికి అవసరమో తెలిసే దారి అప్పుడు లేదు. 2018లో వచ్చిన టైలర్ఎక్స్ ట్రయల్ పదివేల మందికి పైగా మహిళలతో చేసింది. వాళ్లకు హార్మోన్ రిసెప్టర్ ఉంది, హెర్2 లేదు, చంకలోకి పాకలేదు. అంటే ఇప్పటిదాకా వచ్చిన రిపోర్టుల ప్రకారం మీ అమ్మగారి రకమే. గడ్డ ముక్కలో 21 జన్యువుల పనితీరు చూసి 0 నుంచి 100 దాకా స్కోరు ఇస్తారు. యాభై దాటినవాళ్లలో స్కోరు 25 లోపు ఉంటే, హార్మోన్ మాత్రలకు కీమో కలిపినా అదనపు లాభం కనబడలేదు. మీ డాక్టర్లు "కీమో అక్కర్లేకపోవచ్చు" అన్నది డబ్బు తక్కువ ఉందనో, నిర్లక్ష్యంతోనో కాదు. ఆ పరీక్ష ఖరీదు లక్షల్లో ఉంటుంది, అందరూ చేయించుకోలేరు. అప్పుడు గడ్డ సైజు, గ్రేడు (కణాలు ఎంత మారిపోయాయో చెప్పేది), కేఐ67 (కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో చెప్పే అంకె), చంక రిపోర్టు కలిపి చూసి నిర్ణయిస్తారు. అది కూడా పద్ధతే. అడగడానికి మొహమాటపడకండి.

ఈఆర్ పాజిటివ్ అని ఉంది కాబట్టి అమ్మగారికి రోజుకో మాత్ర ఉంటుంది, కనీసం అయిదేళ్లు. మాత్ర చిన్నదని చులకన చేయకండి. ఈ రకం మాత్రల్లో మొదటిది టామాక్సిఫెన్. 1962లో ఇంగ్లండులో డోరా రిచర్డ్‌సన్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని తయారుచేసింది. అప్పట్లో వాళ్లు వెతుకుతున్నది గర్భనిరోధక మందు. ఆ పనికి అది ఉపయోగపడలేదు. ఈఆర్ పాజిటివ్ ఉన్నవాళ్లు అయిదేళ్లు వాడితే రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయే ప్రమాదం సుమారు మూడో వంతు తగ్గుతుందని తర్వాత ఎన్నో ట్రయల్స్ కలిపి చూస్తే తేలింది. ముట్లుడిగినవాళ్లకు ఇప్పుడు ఎక్కువగా లెట్రోజోల్ లాంటివి రాస్తారు. కీళ్ల నొప్పులొస్తాయి, ఎముకలు పలచబడతాయి. రెండో ఏడాదికి "బాగానే ఉన్నాను కదా" అని చాలామంది మానేస్తారు. నొప్పులైతే డాక్టరుకు చెప్పి మందు మార్పించుకోండి, మానెయ్యనివ్వకండి.

హెర్2 గురించి అమ్మగారికి అవసరం లేదు కాబట్టి ఒక్క మాటలో చెబుతాను. ఆ రకం ఒకప్పుడు అన్నిటికంటే మొండిది. డెన్నిస్ స్లామన్ 1987లో దాని గుట్టు చెప్పాడు, 1998లో ట్రాస్టుజుమాబ్ అనే మందు అమెరికాలో వచ్చింది. మన దగ్గర అరెకరం అమ్మితే గానీ కోర్సు పూర్తి కాని రోజులు చూశాను. 2014లో మన దేశంలో తయారైన బయోసిమిలర్లు (అదే మందుకు దగ్గరి పోలికతో చేసినవి) వచ్చాక ఆ పరిస్థితి చాలా మారింది.

ఇప్పుడు మీ ఊరి ఏఎన్ఎం దగ్గరికి వద్దాం. ఈ మొత్తం కథలో నాకు బాగా ఇష్టమైన భాగం ఆమెది. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఏడాది కొత్తగా సుమారు 1.92 లక్షల మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది, 98 వేల మంది దానితో చనిపోయారు. ఇంతమంది పోవడానికి పెద్ద కారణం ఆలస్యం. "నొప్పి లేదు కదా డాక్టరమ్మా, అందుకే ఊరుకున్నాను" అని నాతో ఎంతమంది అన్నారో లెక్కలేదు. నొప్పి లేని గడ్డకే ఎక్కువ భయపడాలి.

పాశ్చాత్య దేశాల్లో మామోగ్రామ్‌తో ఊరందరినీ పరీక్షిస్తారు. దానికి మూలం 1963లో న్యూయార్క్‌లో సుమారు 62 వేల మంది మహిళలతో మొదలైన ట్రయల్. మన దగ్గర అన్ని మిషన్లూ లేవు, ఫిల్ము చదివే రేడియాలజిస్టులూ లేరు. పైగా మన ఆడవాళ్లకు ఈ జబ్బు చిన్న వయసులోనే ఎక్కువ వస్తోంది. ఆ వయసులో రొమ్ము చిక్కగా ఉండి మామోగ్రామ్‌లో అంతా తెల్లగా కనబడుతుంది, గడ్డ అందులో కలిసిపోతుంది. మరి మనకేది పనికొస్తుంది? ఈ ప్రశ్నతో ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు, ఇంద్రనీల్ మిత్ర నాయకత్వంలో, 1998లో ఒక పని మొదలుపెట్టారు. బస్తీల్లో ఉండే లక్షా యాభై వేల మంది మహిళలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రెండేళ్లకోసారి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలతో రొమ్ము పరీక్ష చేయించారు. చేతులతోనే. 2021లో ఫలితం వచ్చింది. పరీక్ష చేయించుకున్నవాళ్లలో జబ్బు ముందు దశలోనే దొరికింది. యాభై, ఆపై వయసువాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపువాళ్లలో మాత్రం మరణాల్లో తగ్గుదల కనబడలేదు. దాన్ని దాచకుండా చెప్పారు. మీ అమ్మగారి గడ్డ రెండున్నర సెంటీమీటర్ల దగ్గర దొరికిందంటే ఆ ఏఎన్ఎం చెయ్యి బాగా పనిచేసినట్టే. వీలైతే ఆమెకు ఒకసారి కనబడి చెప్పండి, సంతోషిస్తుంది.

స్వీడన్‌లో లక్ష మందికి పైగా మహిళలతో చేసిన ట్రయల్‌లో మామోగ్రామ్ చదివే పనికి కృత్రిమ మేధను తోడు పెట్టారు. 29 శాతం ఎక్కువ క్యాన్సర్లు దొరికాయి, డాక్టర్లు చదవాల్సిన పని 44 శాతం తగ్గింది. డాక్టర్లు తక్కువున్న మనకు ఇది ఆశ కలిగించేదే. కానీ మన ఆడవాళ్ల ఫిల్ములతో మన దగ్గర పరీక్షించాకే నమ్మాలని నా అభిప్రాయం.

ఇక మీ అసలు భయం, ట్రయల్. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనం పేరుతో ఇచ్చారు. చాలా చోట్ల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని తర్వాత బయటపడింది. కొందరు పిల్లలు చనిపోయారు, దానికి టీకా కారణమని విచారణలో తేలలేదు, కానీ సమ్మతి తీసుకున్న తీరు తప్పు. తప్పని నేనూ అంటాను. 2011లో మీ పల్నాడులోనే, పిడుగురాళ్ల పేద మహిళలను డబ్బాశ చూపి హైదరాబాద్ తీసుకెళ్లి మందులు పరీక్షించారన్న వార్త అందరం చదివాం. అలాంటివి విన్న కూతురు "మా అమ్మ మీద ప్రయోగమా" అనకపోతేనే ఆశ్చర్యం.

అయితే ట్రయల్ లేకుండా వైద్యం చేస్తే ఏమవుతుందో కూడా చూడండి. 1990లలో అమెరికాలో రొమ్ము క్యాన్సర్ ముదిరినవాళ్లకు భారీ మోతాదు కీమో ఇచ్చి, ఎముక మజ్జ మార్పిడి చేసేవారు. ఎక్కువ మందు అయితే ఎక్కువ మేలు అనే సబబు, హాల్‌స్టెడ్ లాగే. సరైన ట్రయల్స్ పూర్తి కాకముందే వేలమంది చేయించుకున్నారు, కొందరు ఆ వైద్యం వల్లే పోయారు. 1999లో ట్రయల్ ఫలితాలు వచ్చాయి. మామూలు కీమో కంటే లాభం లేదని తేలింది. లాభం ఉందని గట్టిగా చెప్పింది దక్షిణాఫ్రికా నుంచి బెజ్‌వోడా అనే డాక్టరు ఒక్కడే. 2000లో తనిఖీకి వెళితే ఆ లెక్కలు బూటకమని బయటపడింది. ప్రయోగం అని పేరు పెట్టకుండా చేసిన ప్రయోగం అది. దానికి పోల్చి చూసే గుంపు లేదు.

మన దేశంలో జరిగిన మంచి ట్రయల్ ఒకటి చెబుతాను. రాజేంద్ర బడ్వే నాయకత్వంలో టాటా మెమోరియల్, మరికొన్ని కేంద్రాలు కలిసి 1,600 మంది మహిళలతో చేశాయి, 2023లో ప్రచురించారు. ఆపరేషన్‌లో కోత పెట్టే ముందు గడ్డ చుట్టూ లిడోకైన్, అదే పళ్ల డాక్టరు చిగురు మొద్దుబారడానికి ఇచ్చే మందు, ఇంజక్షన్ చేసి 7 నుంచి 10 నిమిషాలు ఆగాలి. ఇవ్వనివాళ్లలో అయిదేళ్లకు బతికున్నవాళ్లు 86.4 శాతం, ఇచ్చినవాళ్లలో 90.1 శాతం. కత్తి తగిలినప్పుడు కణాలు కదిలి పారిపోయే గుణాన్ని ఆ మందు అడ్డుకుంటుందని వాళ్ల ఆలోచన. ఇంత చవక మందు మీద ఏ కంపెనీ డబ్బు పెడుతుంది? మన ఆడవాళ్లు పదహారు వందల మంది ఒప్పుకుంటేనే తెలిసింది. ఇప్పుడు మా థియేటర్లో ఇంజక్షన్ ఇచ్చాక సిస్టర్ గోడ గడియారం చూసి టైము చెబుతుంది. మేమంతా చేతులు కట్టుకుని నిలబడతాం. మీ అమ్మగారి సర్జన్‌ను ఇది ఇస్తారా అని అడగండి.

మీకు చెప్పింది ఏ ట్రయలో మీరు రాయలేదు, కాబట్టి చేరమనీ వద్దనీ నేను చెప్పలేను. ఇవి మాత్రం చూసుకోండి. సీటీఆర్ఐ అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. 2009 నుంచి మన దేశంలో ట్రయల్స్ అన్నీ ఆ ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయాలి, నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. నంబరు లేదంటే అక్కడితో ఆపెయ్యండి. "ట్రయల్‌లో చేరకపోతే అమ్మకు ఏ వైద్యం ఇస్తారు, చేరితే దానికి ఏం కలుపుతారు లేదా ఏం తీసేస్తారు" అని సూటిగా అడగండి. వైద్యం మానేసి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి కూర్చోబెడతారని భయపడకండి. ఇలాంటి చోట రెండో గుంపుకు కూడా ఇప్పుడున్న ప్రామాణిక వైద్యం అందాలి. ట్రయల్ వల్ల ఏదైనా హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలి, నష్టపరిహారం కూడా ఇవ్వాలి, 2019 నిబంధనల్లో ఇది ఉంది. ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో రోగుల హక్కులు చూసే సంఘం) ఫోన్ నంబరు సమ్మతి పత్రంలో ఉండాలి. మధ్యలో ఎప్పుడైనా వద్దని బయటికి రావచ్చు, దానివల్ల మామూలు వైద్యం ఆపకూడదు. "చేరితే మీకు ముందు ఆపరేషన్ డేటిస్తాం" అని ఎవరైనా అంటే అది బలవంతపెట్టడమే, అక్కడ చేరకండి.

సమ్మతి పత్రం తెలుగులో ఇమ్మని అడగండి, ఇవ్వాల్సిందే. ఆ రోజే సంతకం పెట్టక్కర్లేదు, ఇంటికి తీసుకెళ్లండి. రాత్రి భోజనాలయ్యాక మీ అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని మీరే చదివి వినిపించండి, మేనత్తగారిని కూడా పిలవండి. అమ్మగారికి అర్థం కాని వాక్యం కింద పెన్నుతో గీత పెట్టి, మర్నాడు ఆ గీతలన్నీ డాక్టరుకు చూపించి అడగండి. చదువు రాదు కదా అని మీరో, మీ నాన్నగారో ఆవిడ బదులు నిర్ణయం తీసుకోకండి. సంతకమైనా, వేలిముద్రయినా ఆవిడదే కావాలి.

చంక రిపోర్టు, గ్రేడు, కేఐ67 వచ్చాక రాయండి. అప్పుడు కీమో సంగతి ఇంకాస్త వివరంగా మాట్లాడుకుందాం.